పసుపు చుక్క లేని వైపు

చిక్కడపల్లి,
ఫిబ్రవరి 2013

పూజ్యులైన బాపుకు, మీ బిడ్డ స్నేహలత దండం పెట్టి రాస్తున్నది. నేను ఇక్కడ మంచిగా ఉన్నాను. ఊళ్లో అమ్మ, నాయనమ్మ కమలవ్వ మంచిగా ఉన్నారు. కమలవ్వ మోకాళ్లు మాత్రం ఆమె మాట వినడం లేదు. మస్కట్‌లో మీరు, మీ గదిలో ఉండే శ్రీశైలం బాబాయ్, ఈదయ్య పెద్దబాపు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్లో మాటలు దొర్లిపోతాయి, ఉత్తరమైతే గదిలో అందరం కూర్చొని చదువుకుంటాం అన్నారు కాబట్టి రాస్తున్నాను. ఇందులో రెండు కాగితాలు ఉన్నాయి. మొదటిది అందరికీ చదివి వినిపించండి. రెండోది మీకు ఒక్కరికే.

పోయిన ఉత్తరంలో మూడు సంగతులు అడిగారు. ముందు తిండి సంగతి. మా హాస్టల్ పప్పులో పప్పు వెతుక్కోవాలి. అందుకని ఆదివారాలు అనూహ్య వాళ్లింట్లో తింటున్నాను. అనూహ్య మా కాలేజీలోనే ఫిజిక్స్ చదువుతుంది, వాళ్ల ఇల్లు మా హాస్టల్ వెనక గల్లీలోనే. వాళ్లమ్మ పద్మ ఆంటీ వద్దన్నా వినదు. "హాస్టల్ పిల్లలతోని ఇదే పరేషాన్. తిన్నం అంటరు, మొఖం చూస్తె తెలుస్తది," అంటూ ఇంకో రొట్టె వేస్తుంది. ఆమె మేలు ఎన్నటికీ మరచిపోను.

అర్థశాస్త్రం చదివే పిల్లకు పాత క్యాసెట్లతో ఏం పని అని ఈదయ్య పెద్దబాపు అడగమన్నాడట. చెబుతాను. మా నారాయణగూడ కాలేజీలో ఈ ఏడు డిగ్రీ ఆఖరి సంవత్సరం వాళ్లందరం ఏదో ఒక పరిశోధన చేసి, ఒకే హాల్లో అన్ని శాఖల వాళ్ల ముందు చెప్పాలన్నారు. బోటనీ పిల్లలు దోమలగూడ మురికి నాలా పక్కన మొలిచే మొక్కలు తెచ్చారు. కామర్స్ వాళ్లు అశోక్‌నగర్‌లో కోచింగ్ పిల్లలు ఏం తిని చదువుతున్నారో హాస్టల్ హాస్టల్ తిరిగి అడిగారు. నేను గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లు ఎలా నడిచాయో రాస్తానన్నాను. ఫోన్లు లేని రోజుల్లో మీరంతా క్యాసెట్లు నింపి పంపేవారు కదా, అవి మన వాడకట్టులో ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చాను. సగం బూజు పట్టాయి, గరగర తప్ప మాట వినపడదు. పాత రికార్డుల్లో ఆ గరగర తీసేసి మాటను బయటికి తేవడమే అనూహ్య పరిశోధన. అట్లా ఇద్దరం కలిశాం.

మా దక్షిణామూర్తి సార్ ఒక మెలిక పెట్టాడు. ఎవరి పని వాళ్లు చెప్పకూడదు, తమ జోడీలోని రెండోవాళ్ల పని చెప్పాలి. "నీ పని నీకు తెల్సుడు గొప్ప కాదు. పక్క పిల్లకు తెలిసిందా లేదా, నేను గదే చూస్త," అన్నాడు. కాబట్టి నేను స్టేజీ ఎక్కి ఫిజిక్స్ చెప్పాను. నవ్వకండి, ధ్వని తరంగం బొమ్మ కూడా గీశాను. అనూహ్య మన ఊరి సంగతి చెప్పింది. అంతా మంచిగా జరిగింది. బహుమతి మొక్కల వాళ్లకు పోయింది, మాకు చాయ్ సమోసా దక్కింది. ఈ మాట పెద్దబాపుకు కాస్త గట్టిగా చదవండి.

మూడో ప్రశ్నకు జవాబు రెండో కాగితంలో ఉంది.

* * *

బాపూ, ఇక్కడి నుంచి నీకొక్కనికే. ఈ కాగితంలో మీరు అని రాయడం నా వల్ల కావడం లేదు.

అంతా మంచిగా జరిగిందన్నది అబద్ధం కాదు, కానీ జరిగిందంతా రాయలేదు. క్యాసెట్‌కు ఒక వైపు అందరికీ, రెండో వైపు అమ్మకు నింపేవాడివి. అందరి వైపు వాకిట్లో పెట్టి వాడకట్టంతా వినేవాళ్లం. ఆఫీసులో పని, చల్లటి ఏసీ, మస్తు తింటున్న అనేవాడివి. అమ్మకు చదువు రాదు కాబట్టి అందరి వైపు మీద పసుపు చుక్క పెట్టుకునేది. క్యాసెట్లు నాకిచ్చేటప్పుడు, "చుక్కున్న దిక్కే ఇనుండ్రి బిడ్డా. రెండోది నాది," అంది.

ఆ మాట నేను అనూహ్యకు చేరవేసేలోపే, మెషీన్ పాడవుతుందని ఆ పిల్ల క్యాసెట్లన్నీ స్పిరిట్ ముంచిన దూదితో తళతళా తుడిచేసింది. పసుపును మురికి అనుకుంది. తర్వాత నేను సంగతి చెబితే, ఒక్కో వైపు మొదటి రెండు మాటలు విని, ఇది అందరిదే అని తానే తేల్చుకుంది. హాల్లో ఆ రెండు మాటలే వినిపించి ఆపాలనుకుంది.

ముందు గరగర వినిపించింది, తర్వాత ఆ గరగర తీసేసిన మాట. "స్వరూపా, నేను రాజేశం మాట్లాడుతున్న. అందరు మంచిగున్నరా?" నీ గొంతు ఎంత లేతగా ఉందో బాపూ. అనూహ్య ఆపేలోపే నువ్వు, "శ్రీశైలాన్ని బయటికి పంపిన, ఇప్పుడు మనమిద్దరమే," అన్నావు. అది అమ్మ వైపని నాకు అర్థమైంది. అనూహ్యకూ అర్థమైంది. మీట మీద చెయ్యి పెట్టి నా వైపు చూసింది. నేను సైగ చేస్తే ఆపేది. ఆపొద్దని నేనే చెయ్యి చూపించాను.

"ఆఫీసు లేదు, ఏసీ లేదు. ఎడారిల మేకలు కాస్తున్న. నెలకొక్కపారి బండి వస్తె గీ రూముకొచ్చి క్యాసెట్ నింపుతున్న. ఆడ మాట్లాడుదామంటె మనిషి లేడు స్వరూపా. పిల్లకు నా మొఖం యాదుండదు. గొంతన్న యాదుండనియ్యి, రోజు ఇనిపియ్యి. గీ ఒక్క ఏడాదే, వచ్చుడే," అన్నావు. తర్వాత ఏడ్చావు. గరగరంతా పోయింది కాబట్టి అది కూడా హాలు చివరిదాకా వినిపించింది.

అమ్మకు మాత్రమే చెప్పుకున్న మాటను నేను అంతమంది ముందు విననిచ్చాను. నీకు కోపం వస్తే రానీ. కానీ అక్కడ ఆపితే ఇంట్లో మళ్లీ వినే ధైర్యం నాకు వచ్చేది కాదు. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నిజామాబాద్ పిల్ల ఒకతె వచ్చి నా పక్కన కూర్చుంది. "మా బాపు గూడ గట్లనే చెప్తడు, ఏసీ అని," అంది. సాయంత్రం అనూహ్య నాకంటే ఎక్కువ ఏడ్చింది. పద్మ ఆంటీ ఇద్దరికీ కంచాలు పెట్టి, "అన్నం తిని ఏడువుండ్రి," అంది.

అమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అంతా వింది. తర్వాత, "ఇన్నేండ్లు నేనొక్కదాన్నే ఇన్న. నువ్వు గూడ ఇన్నవ్. మంచిదే అయింది బిడ్డా," అంది.

నాకు నీ మీద కోపం లేదు. నువ్వు దాచావని బాధ కూడా లేదు. తర్వాత నీకు గోదాములో పని దొరికిందని తెలుసు, అయినా నేను ఫ్యాన్ కింద కూర్చొని అ ఆలు దిద్దిన రోజుల్లో నువ్వు ఎక్కడున్నావో ఇప్పుడే తెలిసింది. నీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. అంత బరువు ఒక్కతే మోసిన అమ్మకు, తుడవకూడనిది తుడిచిన అనూహ్యకు, ఆ మెలిక పెట్టిన సార్‌కు కూడా నేను రుణపడి ఉన్నాను.

ఇక నీ మూడో ప్రశ్న. నా ఎం.ఏ. అయ్యేదాకా వీసా ఇంకో రెండేళ్లు పొడిగించుకోనా అని అడిగావు. వద్దు. నల్లకుంటలో ఒక ట్యుటోరియల్‌లో సాయంత్రాలు పాఠాలు చెప్పడానికి ఒప్పుకున్నాను. నా చదువు నేను నడుపుకుంటాను. నువ్వు రావాలని అమ్మకూ ఉంది, ఆమె అడగదు, నీకు తెలుసు. అందుకే నేను అడుగుతున్నాను. ఆ వీసా కాగితం మీద సంతకం పెట్టకు.

గొంతు యాదుంచమన్నావు, ఉంచుకున్నాను. ఇప్పుడు నాకు మనిషివి కావాలి. వచ్చెయ్యి బాపూ.

ఇట్లు,
నీ బిడ్డ
స్నేహలత