నువ్వు వేయించుకున్న ఒట్టు

తమ్ముడూ,

నిరుడు ఒక పొద్దున నువ్వు అరుగు మీద చోడి అంబలి తాగుతున్నావు. నేను దేవుడి దగ్గర వత్తి సరిచేస్తున్నాను. ఉన్నట్టుండి నువ్వు పెరట్లోకి వెళ్లావు. నీ కూతురు చెంబు పట్టుకుని వెనకే పరుగెత్తింది. "ఏటిరా?" అంటే, "ఏటీ నేదప్పా, అంబలి పులిసిపోనాది" అని నవ్వావు. నమ్మాను.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అప్పట్నుంచి ఆ పిల్ల బడివేళకి కక్కుతోంది. అరచేతులకి చెమటలు పడతాయి. మొన్న పక్కపిల్లని కంపాస్ పెట్టెతో కొట్టింది. దిష్టి తీశాం. రామతీర్థంలో మొక్కుకున్నాను. చీపురుపల్లి డాక్టరమ్మ మాత్రం, "కడుపులో జబ్బేమీ లేదు. మనసులో ఏదో దాచుకుంది, మెల్లగా అడగండి" అంది.

ఇవాళ నీ పేరున వండిన అన్నం ముందు కూర్చోబెట్టుకుని అడిగాను.

"నాన్న రగతం కక్కుకునేవోడత్తా. ఎవలికైనా సెప్తే సచ్చిపోతానని, తన నెత్తి మీద నా సెయ్యెట్టించి ఒట్టేయించుకున్నాడు. నాను సెప్పనేదు. అయినా సచ్చిపోనాడు."

తోడబుట్టిన అప్పని నేనుండగా, ఆ గుట్టు పదమూడేళ్ల పిల్లకా అప్పగించావు? నీ ఆయుష్షు కోసం రోజూ దీపం పెట్టినదాన్ని. ఇకముందూ నీ పేరున పెడతాను. ఇది మాత్రం మరిచిపోలేను.

సాయంత్రం నేనూ మరదలూ దాన్ని మన చేనుకి తీసుకెళ్లి, ఆటల్లో పిల్లలు అన్నట్టే, "ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను" అనిపించాం. ఎల్లుండి డాక్టరమ్మకి అంతా చెప్పాలనుకున్నాం. నీ ఫొటోకి దణ్ణం పెట్టమని దాన్ని ఎవరూ అడగకూడదని కూడా అనుకున్నాం.