ఆకుపచ్చ నాలుక

ఒకాయామా,
జూన్ 1970

మా షిగెనో అక్కకి,

నీ ఉత్తరం అందింది. నీ కూతురు చిజురు పెళ్లి కుదిరిందన్న కబురు పైన పెద్దగా రాసి, "నువ్వు మాత్రం రావద్దు, నాకు చెల్లెలుందని వాళ్లకి చెప్పలేదు" అన్న ముక్క అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఇరికించావు. నా చూపు మసకబారిందనేగా నీ ధైర్యం? అయినా చదివేశాను.

నా రోగం సంగతి నీకు సగమే తెలుసు. రెండేళ్ల కిందట నెత్తుటి విరేచనాలు పట్టుకుంటే హిరోసె డాక్టరు అమీబా అన్నాడు, మాత్రలిచ్చాడు. పది రోజుల్లో లేచి తిరిగాను. అప్పట్నుంచి కడుపులో కాస్త గడబిడైనా అవే మాత్రలు. ఎవరి మాటా వినని దాన్ని, ఆ డాక్టరు మాట మాత్రం మూడు పూటలా మింగాను. తరవాత కాళ్లు మొద్దుబారాయి. చెప్పు జారిపోయినా తెలియక వీధి చివరిదాకా ఒంటి చెప్పుతో నడిచాను. నాలుక పాలకూర నమిలినట్టు ఆకుపచ్చగా తయారైంది. అంటురోగమని ఊరంతా పుకారు. వీధంతా ఒకే వేడినీళ్ల తొట్టెలో దిగే స్నానాల ఇంటి ఒగురి గారు నన్ను గుమ్మంలోనే ఆపేసింది.

"ఏమీ అనుకోకండి ఫుసాయె గారూ, మీరు దిగితే తొట్టెలో ఇంకెవరూ దిగరు."

నేను నాలుక మొత్తం బయటపెట్టి, "మీకూ కాస్త రంగు పుయ్యమంటారా?" అన్నాను. ఆ లావు మనిషి పరుగు నువ్వు చూడాల్సింది అక్కా!

అసలు సంగతి ఇది. మొన్న పెళ్లికొడుకు తరఫున వాకబు చేసే మనిషి మా వీధికొచ్చాడు. ఎక్కడ వాసన పట్టాడో, సరాసరి మా టోఫు కొట్టుకే వచ్చి నన్నే అడిగాడు.

"హిమెజి ఊళ్లో ఉండే షిగెనో గారికి ఈ వీధిలో చెల్లెలుందట కదండీ. ఏదో నాలుక రోగమట?"

నోరు పెద్దగా తెరవకుండా, "ఉండేదండీ, పోయింది. మహా నోటి దురుసు మనిషి" అన్నాను.

"అయ్యో, రోగంతోనేనా?"

"రోగమా పాడా! కొత్త సంవత్సరం నాడు జిగురు బియ్యప్పిండి మోచి ముద్ద గొంతుకి అడ్డంపడి. తిండిపోతు ముండ."

అతను టోపీ తీసి నా ఆత్మకి దణ్ణం పెట్టి వెళ్లాడు. లోపల మా ఆయన సెయికిచి పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. తరవాత సోయా గింజలు ఏరుతూ గంటసేపు ఏడ్చాను. నువ్వు కోరినట్టే నన్ను నేను చంపుకున్నాను. చిజురు కోసం చేశాను, నీకోసమని మురిసిపోకు. పెళ్లికి రాను.

నీకు లేని చెల్లెలు,
ఫుసాయె


ఒకాయామా,
అక్టోబరు 1970

మా అక్కకి, పోయిన చెల్లెలు లేచొచ్చి రాస్తున్నది:

కిందటి నెల హిరోసె డాక్టరు మా కొట్టు ముందు సైకిలు దిగి, నడుం వంచి నిలబడ్డాడు. తల ఎత్తడే!

"ఫుసాయె గారూ, ఆ మాత్రలు ఆపేయండి. ఇది అంటురోగం కాదు. ఆ ఆకుపచ్చ రంగేమిటో పరీక్షించారు. అది మందే. ఆ మందే కాళ్ల నరాల్నీ కంటి నరాల్నీ తినేస్తోంది. ప్రభుత్వం అమ్మకం కూడా ఆపించింది."

"అమీబాకి మంచిదన్నారుగా?"

"మంచిదే. కొద్దిరోజులు వాడి మానెయ్యాలి. నేను ప్రతి కడుపునొప్పికీ ఇచ్చాను. మందువల్లే నొప్పి వస్తుంటే, తగ్గలేదని ఇంకా పెంచాను."

నా దగ్గర తిట్లకి కరువా? నోరు తెరిచాను. "మా ఆవిడకీ నేనే ఇచ్చాను. కిటికీ ఎటుందో ఇప్పుడు ఆమెకి తెలియదు" అన్నాడు. ఒక్క తిట్టూ దొరకలేదు. దొరకనందుకు ఇప్పటికీ మండిపోతున్నాను.

ఆ మంటతోనే చిజురుకి ఫోను చేసి, పెళ్లికొడుకు ఇంటికి ఉన్నదున్నట్టు రాసెయ్యనా అని అడిగాను. "రాయి పిన్నీ. అంతమాత్రానికే తప్పిపోయే సంబంధమైతే ఇప్పుడే తప్పనీ" అంది. నీ కడుపున పుట్టిందంటే నమ్మలేకపోయాను. రాశాను. నేనే ఆ చెల్లెల్ని, మోచి సంగతి అబద్ధం, మాత్రల సంగతి నిజం, మీ ఇంట్లో ఉంటే పారేయండి, సిగ్గుపడాల్సింది మింగినవాళ్లు కాదు అని.

నిన్న పెళ్లికొడుకు తల్లి జవాబు వచ్చింది. "మా అల్మారాలో మూడు సీసాలు దొరికాయి. మా ఆయన నెలకోసారైనా వేసుకునేవారు. పారేశాం. పెళ్లికి మీరు తప్పక రావాలి" అని రాసింది.

ఇక భయపడేది నువ్వొక్కదానివే అక్కా. మాత్రలు మానినా కాళ్లు తిరిగి రాలేదు. వస్తాయో రావో డాక్టరుకీ తెలియదు. ఇప్పుడు నడవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. కుడివైపు సెయికిచి ఉంటాడు. ఎడమవైపుకి ఎవర్నీ తెచ్చుకోను. పెళ్లి వాకిట్లో కారు దిగి నిలబడతాను. బంధువులంతా చూస్తుండగా నువ్వొచ్చి నా చెయ్యి పట్టుకునేదాకా లోపలికి అడుగు వెయ్యను.

నీ తోడబుట్టిన
ఫుసాయె