ఉప్పుపిండిలో చేతులు

క్లాక్స్విక్,
జూన్ 20

చిరంజీవి రాన్వాను నాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ మీ అమ్మ క్షేమం, గొర్రెలు క్షేమం, పైకప్పు మీది గడ్డి కూడా పచ్చగా క్షేమంగానే ఉంది. నా సంగతి తర్వాత చెబుతాను. ఆ చలి సముద్రంలో నువ్వూ, నీ తోటివాళ్ళూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం సామాను ఓడలో వచ్చింది. నువ్వు అడిగినవాటికి జవాబులు ముందు రాసేస్తాను. మీ అమ్మ రూబార్బ్ కాడలతో జామ్ పెట్టింది. నీ వాటా సీసాలు నా కంట పడకుండా మెట్ల కింద దాచానని అనుకుంటోంది. వాకిలి తలుపు ఇంకా బిగుసుకునే ఉంది. భుజంతో తోస్తే తెరుచుకుంటుంది కాబట్టి నాకు తొందర లేదు, మీ అమ్మకి ఉంది.

మీ చేపల ఓడలో వాళ్ళు నన్ను తలచుకుని నవ్వుకుంటున్నారని రాశావు. ఒకప్పుడు వలల దగ్గర తమని తిట్టిపోసిన ఈ హైని ఇప్పుడు పసిపిల్లల బడిలో కాగితం పూలు అంటిస్తున్నాడని. నవ్వుకోనీ. ఈ పిల్లలు వాళ్ళకంటే తక్కువ ఏడుస్తారనీ, చెప్పిన మాట త్వరగా వింటారనీ నా మాటగా చెప్పు.

ఇంతకీ రోజంతా ఏం చేయిస్తామని అడిగావు కదా. పెద్దపిల్లలు ఆగస్టులో పెద్దబడికి వెళ్ళిపోతారు. అందుకని జూన్ నెలంతా వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళే గుర్తులు తయారుచేయిస్తాం. అరచేతికి తెల్లరంగు పూసి నల్లకాగితం మీద అద్దితే గొర్రె అవుతుంది. నాలుగు వేళ్ళు కాళ్ళు, బొటనవేలు తల. హోగ్ని అనేవాడు తన గొర్రెని తలకిందులుగా అద్ది, “ఇది కొండమీంచి జారింది తాతా, మా పెదనాన్న తాడేసి లాగుతాడు” అన్నాడు. తాడు కూడా గీశాడు. బడి మొదలైన కొత్తలో ఒకసారి, ఇప్పుడొకసారి ఎవరి బొమ్మ వాళ్ళే గీసుకుంటారు. రెండూ పక్కపక్కన పెట్టి కుడతాం. సోల్రున్ అనే పిల్ల మొదటి బొమ్మకి తలలోంచే కాళ్ళు వచ్చాయి. ఇప్పటి దానికి మెడ ఉంది, కోటు ఉంది, కోటు జేబులో పిల్లి ఉంది. ఆ రెండు కాగితాలు చూస్తే చాలు, ఏడాదంతా పిల్ల ఏం చేసిందో తల్లికి వేరే చెప్పనక్కర్లేదు.

అన్నిటికంటే అందరికీ ఇష్టమైనది ఉప్పుపిండి. పిండి, ఉప్పు, నీళ్ళు కలిపి మెత్తగా పిసికి, బిళ్ళలా ఒత్తి, అందులో పిల్లవాడి చెయ్యి అదిమితే గుర్తు పడుతుంది. సన్నని వేడిమీద ఆరబెట్టి, రంగు వేసి, రిబ్బను కడతాం. పిల్లల మణికట్టు పట్టుకుని నిటారుగా అదిమి, ఒక్కసారిగా పైకి తీయడం నా పని. కొంచెం కదిలినా గుర్తు చెదిరిపోతుంది.

ఇక్కడిదాకా రాసి, లేచి కాఫీ తాగి వచ్చాను తల్లీ. ఇక వాయిదా వెయ్యను.

సోమవారం సోల్రున్ చెయ్యి అదుముతుంటే నా చెయ్యి వణికింది. గుర్తు చెదిరింది. పిండి మళ్ళీ పిసికి అదిమాను. మళ్ళీ చెదిరింది. ఆ తర్వాత ఆ పిల్ల పిండి చూడ్డం మానేసి నా చెయ్యి చూడసాగింది.

“తాతా, చలేస్తోందా?”

“అవునమ్మా, కొంచెం.”

“ఈ ఎండలోనా?” అంటూనే పరుగెత్తి, కొక్కేనికి వేలాడుతున్న తన ఉన్ని చేతితొడుగులు తెచ్చి నా వేళ్ళకి ఎక్కించింది. రెండు వేళ్ళకంటే ఎక్కువ పట్టలేదు. పిల్లలంతా పకపకా నవ్వారు. తను మాత్రం నవ్వలేదు.

“తొడుక్కున్నా ఆగట్లేదేంటి?”

ఆ పిల్ల ముఖం చూస్తూ ఇంకో అబద్ధం ఆడలేకపోయాను. చలి కాదని, జబ్బని చెప్పాను. ఆగమని తల చెబుతున్నా చెయ్యి వినడం లేదని చెప్పాను.

“మా తమ్ముడూ అంతే, ఏం చెప్పినా వినడు” అన్నాడు హోగ్ని.

“మాకూ అంటుకుంటుందా?” అంది ఇంకో పిల్ల.

“అంటుకోదు.”

“చచ్చిపోతావా?”

“ఇప్పట్లో కాదు.”

“అయితే త్వరగా కానీ తాతా, నా పిండి ఎండిపోతోంది!”

దాన్ని పార్కిన్సన్స్ అంటారు రాన్వా. ప్రాణం మీదికి వచ్చేది కాదు, అలాగని వదిలిపోయేదీ కాదు. ఫిబ్రవరిలో మోకాలు చూపించుకోవాలని తోర్స్‌హావ్న్ ఆసుపత్రికి వెళ్ళానే, అది మోకాలి కోసం కాదు. మీ అమ్మకి మంచు కరిగాక చెబుదామనుకున్నాను. కరిగాక, గొర్రెలు ఈనాక అనుకున్నాను. అవి ఈనాక, నువ్వు వచ్చాక అనుకున్నాను.

బడి నడిపే ఎల్స్పా గుమ్మంలో నిలబడి అంతా విన్నది. వచ్చి సోల్రున్ మణికట్టు తను పట్టుకుంది. పిల్లలు బయటికి ఆటకి పోయాక నన్ను వంటగదిలోకి పిలిచింది.

“పిన్నికి తెలుసా బాబాయ్?”

నేను పిండి అంటిన వేళ్ళు కడుక్కోసాగాను.

“ఈ రోజే చెప్పు. ఇంతమంది పిల్లల నోళ్ళు నేను కట్టెయ్యలేను.”

“నన్ను మానెయ్యమంటావా?”

“కత్తెర నీకివ్వను. జిగురు డబ్బా నీదే, కథలు నీవే. నువ్వు కూర్చుంటే పిల్లలు చుట్టూ కూర్చుంటారు. అంతమాత్రం చాలు నాకు.”

ధైర్యం చాలక, ఇంటికి వెళ్ళేముందు గొర్రెల్ని చూసొద్దామని కొండెక్కాను. అవి బాగానే ఉన్నాయి. అయినా చాలాసేపు చూశాను. ఈలోగా చేపల కొట్లో సోల్రున్ వాళ్ళ అమ్మమ్మ మీ అమ్మ చేతులు పట్టుకుని, “ఎలా తట్టుకుంటున్నావమ్మా” అని అడిగిందట.

నేను తలుపు తోసుకుని వచ్చేసరికి మీ అమ్మ కోటు కూడా విప్పకుండా కూర్చుని ఉంది. చేప కాగితంలోనే ఉంది.

“బడిలో పిల్లలందరికీ చెప్పావు. ఇంట్లో ఒక్కదాన్ని, నాకు చెప్పలేకపోయావు.”

“చెబుదామనే అనుకుంటున్నా...”

“ఎప్పుడయ్యా? చెంచా నోటిదాకా రానప్పుడా?”

వండింది, పెట్టింది, తిన్నాను. ఉప్పు అడిగితే సీసాని ఒక్క వేలితో నా వైపు తోసింది. పెళ్ళయినప్పటినుంచీ మీ అమ్మ నన్ను తిట్టని వారం అదొక్కటే. తిట్టి ఉంటే బాగుండు అనిపించింది.

ఈ కబురు నీకు ఇంకో ఓడవాళ్ళ ద్వారా తెలియకూడదని ఈ ఉత్తరం. ఓడ మధ్యలో వదిలి పరుగెత్తుకు రాకు. నీ సెలవు ఎప్పుడైతే అప్పుడే రా. నన్ను ఏమైనా అడగాలంటే అడుగు, ఇక దాచను.

నిన్న శుక్రవారం బడిలో సాగనంపే పండగ జరిగింది. తల్లిదండ్రులు, అవ్వలు, తాతలు అందరూ వచ్చారు. వాఫిల్స్, కాఫీ. మీ అమ్మ కూడా వచ్చి, నాకు దూరంగా కాఫీ కూజాల దగ్గర నిలబడింది. పిల్లలు పాడారు. ఎవరి గుర్తులు వాళ్ళకి ఇచ్చాం. అంతా అయిపోయిందనుకుంటే సోల్రున్ ఎల్స్పా గౌను పట్టుకుని లాగింది.

“తాత చెయ్యేదీ? తాతదీ గోడకి పెట్టాలి.”

ఎల్స్పా నా వైపు చూసింది. మిగిలిన పిండి పిల్లలే తెచ్చి బల్లమీద పెట్టారు. అందరూ చూస్తున్నారు. చెయ్యి వెనక్కి దాచుకున్నాను రాన్వా, దొంగలా.

మీ అమ్మ కప్పు కింద పెట్టింది. స్వెట్టరు చేతులు పైకి మడుచుకుంటూ జనంలోంచి వచ్చింది.

“చాపు వేళ్ళు.”

చాపాను. వణుకుతున్న నా చేతిమీద తన చెయ్యి వేసి, బొటనవేలు పక్కనే పిండిలో ఊతంగా పెట్టి, ఒంటి బరువంతా మోపి అదిమింది. నా వణుకు తన మోచేతిదాకా పాకడం నాకు తెలుస్తూనే ఉంది. తను మాత్రం కదల్లేదు. “ఊపిరి బిగబట్టకు” అంది నాకు మాత్రమే వినిపించేట్టు. కాసేపటికి కింద చెయ్యి నెమ్మదించింది.

“ఇప్పుడు తియ్యి.”

తీశాను. గుర్తు ఎక్కడా చెదరలేదు. సోల్రున్ బల్లమీదికి వంగి, ఒక్కొక్క వేలి గుంటలో తన వేలు పెట్టి లెక్కపెట్టింది.

“తాతకి ఆరు వేళ్ళున్నాయి!”

“ఆరోది నాది” అంది మీ అమ్మ.

ఇట్లు,
నీ రాక కోసం చూసే నాన్న,
హైని