శ్రావణి ఆదివారం

శుక్రవారం, మిస్సిసాగా

శ్రావణికి ఒపెరా ఆర్కెస్ట్రా నడిపించడం నేర్పే ఇటలీ మేస్ట్రో ఇవాళ మా ఇంటికి భోజనానికి వచ్చాడు. ఆదివారం ప్రదర్శనకు ఆర్కెస్ట్రా ముందు పిల్లనే నిలబెడతానని మాటిచ్చాడు కదా అని, అమ్మవారికి నైవేద్యం పెట్టిన పులిహోరే ముందుగా వడ్డించాను.

సగం తిన్నాక, ఆదివారం కూడా ఆర్కెస్ట్రాను తనే నడిపిస్తానన్నాడు.

"ఈ పిల్ల వయసులో నేను స్టేజీ కింద గూట్లో కూర్చుని సింగర్లకు మాటలు అందించేవాణ్ణి. వాళ్ల ప్రాక్టీసుకు పియానో వాయించేవాణ్ణి. తప్పు పోతే మా గురువు వేళ్ల మీద కొట్టేవాడు. అందుకే ఇంతవాణ్ణయ్యాను," అని నవ్వాడు.

"మా అమ్మాయీ ఏళ్ల తరబడి వాయిస్తూనే ఉంది కదండీ," అన్నాను.

"అమ్మా, ప్లీజ్, లీవ్ ఇట్," అంది శ్రావణి తలెత్తకుండా. బల్ల కింద దాని ఎడం చేయి మాత్రం ఆర్కెస్ట్రాకు సైగలు చేస్తున్నట్టు కదులుతూనే ఉంది. నెలరోజులుగా ఆ చేతికి నిద్రలో కూడా అదే పని.

తను తిన్న దెబ్బలు ఇంకొకరికి వడ్డిస్తే తప్ప ఈయన కడుపు నిండదు కాబోలు. మళ్లీ దాన్ని శిక్షణ అంటాడు!

"చాలా బాగుంది, ఇంకొంచెం ఉందా?" అని కంచం చాపాడు.

"అయిపోయిందండీ," అన్నాను, ఎప్పటిలాగే మెల్లగా.

గిన్నెలో సగానికి పైగా ఉంది. ప్రసాదం అడిగినవాళ్లకు లేదనడం నా జన్మలో ఇదే మొదలు. ఇందాక చెంపలేసుకుందామని అమ్మవారి ముందు కూర్చున్నాను.

చేతులు పైకి లేవలేదు.