అద్దెకని చూసిన ఇల్లు

వసుంధరా,

మన నలుగురు స్నేహితురాళ్లలో ఒకరు కొనే ఇంటిని ముందు ఇంకొకరు చూసి రావాలన్న పద్ధతి ప్రకారం, నువ్వు కొనాలనుకుంటున్న మడికొండ ఫ్లాట్‌ను అద్దెకు అడిగే మనిషిలా వెళ్లి చూసొచ్చాను. చెమ్మ లేదు, నీళ్లకు ఇబ్బంది లేదు. కొనొచ్చు.

అయితే అందులో అద్దెకున్న రవళికి ఓనర్ అమ్మకం సంగతి చెప్పనేలేదు. నేను వెళ్లాకే, తనను ఖాళీ చేయిస్తారేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. నిండు గర్భిణి.

"ఖాళీ చేయాల్నా అక్కా? కాన్పు అయ్యేదాంక ఆగుతరా?" అని అడిగింది. మళ్లీ తనే, "వంటింటి కిటికీ తెరిచిపెట్టకున్రి, కోతులు జొరవడ్తయి" అని నాకు జాగ్రత్త చెప్పింది.

ఖాళీ ఇల్లయితేనే కొనమని నీకు చెప్పింది నేనే. ఆ సలహా తప్పని ఇప్పటికీ అనలేను. అయినా ఈసారికి దాన్ని పక్కన పెట్టి, కాన్పు అయ్యేదాకా ఆమెను అక్కడే ఉండనివ్వగలవా? నాకు ఇల్లు నచ్చలేదని చెబితే ఆమె స్థిమితపడింది. ఇల్లు అమ్ముతున్నారనీ, కొనేది నువ్వనీ ఆమెకు ఇంకా తెలియదు.

నీ స్నేహితురాలు