కెరీర్ అంటే బండిబాట

ఆగస్టు 12, మంగళవారం

చిరంజీవి మనవరాలికి,

నానమ్మ ఆశీస్సులు. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అందరూ క్షేమం.

ముందు నీ తప్పొకటి దిద్దాలి. కెరీర్ అంటే ఎదుగుదల అని రాశావు. కాదు. మొదట్లో అది బండ్లు నడిచే బాట. బాటన్నాక ఎక్కడమే కాదు, దిగడమూ ఉంటుంది. జాబ్ అంటే ఒకప్పుడు చిల్లర పని. ఇప్పుడు దానికి టై కట్టారు. లేబర్ అంటే లాటిన్‌లో కష్టం. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ పడింది లేబర్. వరండాలో మీ నాన్న చేసిన పచార్లు వర్క్ కిందికి కూడా రావు.

పని మాటల మీద పిల్లల కోసం నువ్వు రాసిన పుస్తకం నెలాఖరుకు ప్రెస్సుకు వెళ్తోందట. సంతోషం. అంకితం మాత్రం 'మాటల లోతు చూపించిన అమ్మమ్మకు' అట. మీ నాన్న ఫోన్లో చదివి, బాగుంది కదమ్మా అన్నాడు. అక్షరదోషాలు లేవులే అన్నాను.

పదేళ్ళు నిన్ను వంటగట్టు మీద కూర్చోబెట్టుకుని ఈ మాటలన్నీ చెప్పిందెవరే? అప్పుడేమో, మళ్ళీ మొదలెట్టావా నానమ్మా అని చెవులు మూసుకునేదానివి. ఆవిడ సెలవుల్లో నాలుగు మాటలు చెబితే లోతు, నేను చెబితే నసా? వొకేషన్ అంటే పిలుపు. నీ మొదటి పేజీకి నాకు ఆ పిలుపు రాలేదు.

వియ్యపురాళ్ళం కాకముందు ట్రైనింగ్ కాలేజీలో ఆవిడా నేనూ ఒకే బెంచీ. ఇంగ్లీషులో ఫస్టు నేను, సెకండు ఆవిడ. ఆ అంకితం మార్చు. కుదరదంటే నా పేరూ చేర్చు, పైన.

కుళ్ళుకుంటోంది అనుకుంటావా, అనుకో.

నీ నానమ్మ

తా.క. అంటించిన కవరు మళ్ళీ చింపాను. అంకితం మార్చకు. ఈ మాటల పుట్టుకలన్నీ మీ అమ్మమ్మ ఏడాదంతా లైబ్రరీలో కూర్చుని రాసుకున్నవి. పరీక్షల ముందు ఒక్క రోజుకని ఆ నోటుబుక్కు అడిగి తీసుకున్నాను. తర్వాత పోయిందని చెప్పాను. ఫస్టు అలా వచ్చింది. నీకు చెప్పిందంతా అందులోదే. మీ అమ్మానాన్నల పెళ్ళి మాటలకు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు కూడా ఆవిడ దాని ఊసెత్తలేదు. అడిగి, నాలుగు తిట్టినా నాకింత మంట ఉండేది కాదు.

ఆ బుక్కు మీ నాన్న చేతికిచ్చి పంపుతున్నాను. కుట్లు ఊడాయి. బైండింగ్ షాపులో కుట్టించి ఆవిడకి ఇచ్చిరా. అట్ట మాత్రం మార్చనివ్వకు. దాని మీద నా పేరు చీటీ అంటించి ఉంటుంది. తడిగుడ్డ వేసి, కాసేపు నాననిచ్చి, మెల్లగా తియ్యి. కింద ఆవిడ పేరుంది, చిరగనివ్వకు.