ఎడమ బొటనవేలి గాటు

అన్నయ్యా,

అందరం బాగున్నామని రాయడానికి చెయ్యి రావడం లేదు. పొద్దున కొట్టు ఊడుస్తుంటే సానరాయి పక్కన మడతచాకు దొరికింది. నాన్న చేసిందే. పిడి రెండు వైపులూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండి ఎటు తెరవాలో తెలియదని, వాడేవాళ్ళ బొటనవేలికి తగిలేలా చిన్న గాటు పెట్టేవాడు కదా. దీని గాటు ఎడమ బొటనవేలికి తగిలింది. మనింట్లో ఎడమచేతి వాటం నీకొక్కడికే.

నాన్నతో మాటామాటా అనుకుని వెళ్ళిపోయిన రోజు ఇది నీ జేబులోనే ఉంది. వచ్చింది నువ్వే అయితే తలుపు తట్టలేదేం? నువ్వు కాకపోతే, నీ చాకు ఎవరి చేతిలో పడింది? నీకేమైంది? నేనే వచ్చానని రాయి, తిట్టను.

"వేకువన కొట్లో ఆ అలికిడేంటే?" అన్నాడు నాన్న. "పిల్లిలే" అన్నాను. పిల్లి పొడే గిట్టని మనిషి, ఇవాళ రాత్రికి కొట్టు తలుపుకు గడియ పెట్టొద్దన్నాడు.

నీ చెల్లి